పన్నెండు గీతలు

జెకిచిన్యోన్య లోయలో వాన లేని మూడో నెల.
ఆరోగ్య కేంద్రంలో ఫ్యాను తిరుగుతోంది గాని
గాలి ఎక్కడికీ పోవడం లేదు.

ఒలెగారియో చొక్కా విప్పి మంచమెక్కాడు.
అరవై మూడేళ్ళు, బొగ్గు బట్టీల మనిషి.
రొమ్ము మీద తెల్ల వెంట్రుకలు,
వాటి కింద ఏ సబ్బుకీ లొంగని మసి.
ఒంట్లో నలతేమీ లేదంటాడు,
పింఛను కాగితం మీద ముద్ర కోసం వచ్చానంటాడు.

బిళ్ళలు అతుక్కోవాలని రేజరు తీశాను.
నవ్వాడు:
"చిన్నప్పుడొక గడ్డం గీసేవాడు,
ఇన్నాళ్ళకి నువ్వా, జురేమా?"

మా దగ్గర ఆ పురుగు పేరే అది, గడ్డం గీసేవాడు.
పగలంతా మట్టిగోడ నెర్రెల్లో దాక్కుని
రాత్రి నిద్రపోయే మొహాలు వెతుక్కుంటూ దిగుతుంది.
కుట్టి, ఆ పక్కనే రెట్ట వేసి పోతుంది.
గోకినవాడి గోరే దానికి వాకిలి తీస్తుంది.
తర్వాత ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు
ఏమీ జరగదు.
ఆ ఏమీ జరగకపోవడమే జబ్బు.

పది తీగలు తగిలించాను.
"గీతలు పన్నెండున్నాయే, ఆ రెండూ ఎక్కడివి?"
పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఒక్క రోగీ అడగలేదు.
"ఒకే గుండెని పన్నెండు కిటికీల్లోంచి చూడ్డం" అన్నాను.
నిజమే గాని, జవాబు కాదు.

పది సెకన్లు. కదలొద్దన్నాను.
వీధిలో మోటారు సైకిలొకటి అరుచుకుంటూ పోయింది.

డాక్టరమ్మ వచ్చేది గురువారం. ఇవాళ సోమవారం.
గీతల్ని యంత్రానికి పంపాను.
దాన్ని ఎక్కడో పట్నంలో చదివించారట,
లక్షల గుండెలు ముందు పరిచి
ఇది వాచింది, ఇది ఆగింది, ఇది బతికి బట్ట కట్టింది అని.

అంకె వచ్చింది: సున్నా దశాంశం ఎనిమిది ఏడు.
పక్కన ఎర్ర చుక్క. రక్తపరీక్ష చేయించమంది.
అప్పుడు వంగి చూశాను.
మొదటి రొమ్ము గీతలో
ఒక కొన ఉండాల్సిన చోట రెండు,
కుందేలు చెవులు.
యంత్రం చెప్పకపోతే పట్టేదాన్నా? ఏమో.
రోజుకి నలభై గుండెలు,
మధ్యాహ్నం దాటాక అన్నీ ఒకటే గుండె.

పోయినేడు ఇదే చుక్క ఒకామెకి పడింది.
రక్తంలో ఏమీ లేదు.
ఆ తెలిసేలోపు రెండు వారాలు
పిల్లలకి అప్పగింతలు పెడుతూ గడిపింది.
ఆ రెండు వారాలూ ఎవరి ఖాతాలో రాయాలి?

అనుమానమే, తీర్పు కాదని చెప్పాను.
ఒలెగారియో చాలాసేపు మాట్లాడలేదు.
చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు.
"దానికి నేర్పిన గుండెల్లో
మా ఎవారిస్తోది ఉందా?"

తమ్ముడు. ఇద్దరూ ఒకే గోడవార పడుకుని పెరిగారు.
పదకొండేళ్ళ కింద ఇదే మంచం.
గీత తీసింది నేనే,
మామూలే అనుకుని దొంతరలో పెట్టింది నేనే.
ఏడాది తిరక్కుండా
చేతిలో పార చేతిలోనే ఉండగా బట్టీ ముందు కూలిపోయాడు.

పాత గీతలన్నీ పేర్లు చెరిపి పంపారు.
వయసు ఉంది, ఆడో మగో ఉంది.
"ఉండొచ్చు" అన్నాను.
"అయితే నన్ను గుర్తుపట్టింది వాడే."

అలా కాదది.
లక్షల్లో ఒక గీత ఆ అంకెని కదిపితే
వెంట్రుకవాసి కదుపుతుంది.
ఆ మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది.
ఎడమ చెయ్యి చాపాడు, రక్తం తీసుకున్నాను.
ముద్ర సంగతి అతనూ మరిచాడు, నేనూ మరిచాను.

రాత్రి బీరువాలో పాత దొంతరలు దించాను.
వేడికి గీతలు పడే కాగితం అది,
ఏళ్ళు గడిస్తే తనంతట తనే వెలిసిపోతుంది.
అన్నీ తెల్లగా ఉన్నాయి.
ఏది ఎవారిస్తోదో తెలియలేదు.